ఇతర ఖర్చులు అనే పద్దు

ప్రతి సంవత్సరం మార్చి నెల చివరి ఆదివారం నాడు నేను హెణ్ణూరు దాటి, బాగలూరు వైపు వెళ్లే రోడ్డు పక్కనున్న ఒక రెండు గదుల అద్దె ఇంట్లో కూర్చుని, పాత బిస్కెట్ల డబ్బాలో పన్నెండు నెలలుగా పోగుపడిన ఓచర్లను బయటికి తీసి, పద్దుల వారీగా విడదీస్తాను. వృత్తిరీత్యా నేను ఒక ఆడిటరు గారి దగ్గర లెక్కలు చూసే గుమాస్తాను. పుట్టి పెరిగింది మదనపల్లె దగ్గరి పల్లెలో. బెంగళూరుకు వచ్చి ఇరవై ఏడేళ్లయింది. ఈ రెండు గదుల ఇల్లు, కట్టడాల్లో పనిచేసే తెలుగు కూలీల పిల్లలను బడిలో చేర్పించే ఒక చిన్న సంస్థకు కార్యాలయం. దానిని నడిపే ఆమెను అక్కడ అందరూ అక్క అంటారు. ఆమె కంటే ఆరేళ్లు పెద్దవాడినైన నేను కూడా అక్క అనే అంటాను, ఆమె నన్ను అన్నా అంటుంది. వరస కుదరకపోయినా పని కుదిరింది. పేరు రాయవద్దని ఆమె కోరింది కనుక రాయడం లేదు.

ఈసారి డబ్బా అడుగున, చిత్తు కాగితానికి గుచ్చిన బస్సు టికెట్లతో ఒక ఓచరు దొరికింది. దాని మీద అక్క చేతిరాతలో ‘కదిరి, టీసీ, 740’ అని మాత్రమే ఉంది. ఏ పద్దులో వేయాలో తేలక దానిని పక్కన పెట్టాను. సాయంత్రం దాకా అది పక్కనే ఉండిపోయింది. సేవాసంస్థలు నడిపేవారి గురించి పదేళ్లుగా నా మనసులో నలుగుతున్న మాటలు ఆ ఓచరు దగ్గరే తెగడం లేదనిపించి, ఇంటికి వచ్చాక ఇది రాయడం మొదలుపెట్టాను.

బెంగళూరు తెలుగువారు అనగానే మనకు మారతహళ్లి, వైట్‌ఫీల్డు, సాఫ్ట్‌వేరు గుర్తుకు వస్తాయి. ఆ సాఫ్ట్‌వేరు కార్యాలయాలనూ, అందులో పనిచేసేవారు అప్పు చేసి కొనుక్కునే అపార్టుమెంట్లనూ కట్టేవారిలో కూడా తెలుగువారు తక్కువేమీ లేరు. వేరుశనగ చేతికి రాని ఏడాది అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి మేస్త్రీ వెంట కుటుంబాలు కుటుంబాలుగా వచ్చి, కట్టడం పక్కనే వేసిన రేకుల షెడ్లలో కాపురం పెట్టి, అది పూర్తి కాగానే మరో చోటికి తరలిపోయేవారు వీరు. తెల్లవారకముందే ఈ నగర వీధులను ఊడ్చే పౌరకార్మికుల్లోనూ చాలామంది రాయలసీమ నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు దళిత కుటుంబాల స్త్రీలే. వారి కష్టం తక్కువదని కాదు గాని, వారికి నిలకడగా ఒక కాలనీ ఉంది, సంఘం ఉంది. 2022 జులైలో వారు చీపుర్లు పక్కన పెట్టి కూర్చుంటే, ఉద్యోగాలు క్రమబద్ధం చేస్తామని ప్రభుత్వం ఒప్పుకోవలసి వచ్చింది. షెడ్లలో ఉండేవారికి మాత్రం చిరునామా అన్నదే లేదు. చిరునామా లేని ఇంటి బిడ్డను బడి రిజిస్టరులోకి ఎక్కించడమే అక్క ప్రధానంగా చేసే పని. బయటినుంచి చూసేవారికి ఇది ఒక పూటలో అయిపోయే పనిగా కనిపిస్తుంది.

కదిరి ఓచరు సంగతి ఇదీ. ఆ వైపు పల్లె నుంచి వచ్చిన ఒక సెంట్రింగు పనివాడి కూతురు, ఎనిమిదేళ్ల పాప, అక్కడ రెండో తరగతి చదివింది. ఊరు విడిచేటప్పుడు బడిలో ఎవరికీ చెప్పలేదు కనుక ఆమె పేరు అక్కడి రిజిస్టరులోనే ఉండిపోయింది. ఇక్కడి ప్రభుత్వ బడి హెచ్‌ఎం గారు పాపను కూర్చోబెట్టుకోవడానికి సిద్ధమే. అయితే పాత బడి ఆమెను తన లెక్కలోనుంచి వదలనంత వరకు కొత్త బడి కంప్యూటరులో పేరు ఎక్కదు, పేరు ఎక్కకపోతే పాఠ్యపుస్తకాల లెక్కలోకి రాదు, యూనిఫారం లెక్కలోకి రాదు, పరీక్షల లెక్కలోకి రాదు. విద్యాహక్కు చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన ఆ చట్టం 5వ సెక్షను ప్రకారం పాత బడి ప్రధానోపాధ్యాయుడు వెంటనే టీసీ, అంటే బడి మార్పు పత్రం ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు. 14వ సెక్షను ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని కూడా కాదనకూడదు. అక్క ఈ రెండు సెక్షన్లనూ కన్నడంలో అచ్చు వేయించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఎప్పుడూ సంచిలో మోస్తుంది. కాని చట్టాన్ని చూపించి హెచ్‌ఎం గారి నోరు మూయించవచ్చు, కంప్యూటరును ఒప్పించడం ఎలాగ?

పాప తండ్రిని ఊరికి పంపుదామంటే, “పోయి వచ్చేదానికి రెండు దినాల కూలి పోతుందక్కా, మేస్త్రీ ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు” అన్నాడు. అది నిజమే కనుక అక్కే బస్సెక్కింది. అక్కడి బడిలో ఉన్నదే పాతికమంది లోపు పిల్లలు. ఒక పేరు తగ్గితే పోస్టుకే ఎసరు వస్తుందేమోనని ఆ ఉపాధ్యాయుడి భయం. ఆయన కసిరి పంపలేదు, కాఫీ తెప్పించాడు, “వాళ్లు ఉగాదికి తిరిగొస్తారు కదమ్మా, పేరు ఉండనీండి” అని బతిమాలాడు. ఆయనకు ఒక కారణం ఉంది, ఇక్కడి హెచ్‌ఎంకు ఒక కారణం ఉంది, తండ్రికి ఒక కారణం ఉంది, మేస్త్రీకీ ఒక కారణం ఉండే ఉంటుంది. ఇంతమంది కారణాల మధ్య ఏ కారణమూ లేకుండా ఇరుక్కున్నది పాప ఒక్కతే. సాయంత్రం మూడున్నరకు టీసీ చేతికి వచ్చింది, ఆ రాత్రి పదకొండు గంటలకు అక్క హెబ్బాళంలో దిగింది. పోనురాను చార్జీలు, ఆటో, రెండు పూటల తిండి కలిపి 740 రూపాయలు.

బడిలో చేరాక వచ్చే కథ వేరు. ఒకరోజు మధ్యాహ్నం టీచరు గారు ఆ పాపను ప్రేమగా “ఊట మాడిద్యా?” అని అడిగారట. కన్నడంలో ఊట అంటే భోజనం, మాడు అంటే చేయి. భోంచేశావా అని ఆవిడ అడిగారు. మనకు ఊట అంటే ఊరగాయ జాడీలో దిగే పులుసు, మాడడం అంటే అడుగంటడం. పాప కాసేపు ఆలోచించి, “లేదు మేడం, మాడలేదు, బాగానే ఉండాది” అని జవాబు చెప్పింది. అక్క ఇది చెప్పినప్పుడు మేమందరం కడుపుబ్బ నవ్వాము. తరువాత నోటుపుస్తకం చూపించినప్పుడు మాత్రం నవ్వు రాలేదు. రెండు లిపులకూ మూలం ఒకటే కావడంతో పాపకు సగం అక్షరాలు ముందే వచ్చు. అయితే ఆమె చేయి అలవాటు కొద్దీ ప్రతి అక్షరానికీ తెలుగు తలకట్టు పెడుతుంది, అది టిక్కు గుర్తులాగా పైకి లేస్తుంది, కన్నడ తలకట్టేమో అడ్డంగా సాగి కొసన ఒంగుతుంది. పేజీ నిండా ఎర్ర సిరా సున్నాలు ఉన్నాయి. అక్షరం తెలిసిన బిడ్డ అక్షరం రాని బిడ్డగా లెక్కకు వచ్చింది. అక్క ఆ పుస్తకాన్ని తీసుకెళ్లి, టీచరు గారి పక్కన కూర్చుని, తెలుగు వర్ణమాల కన్నడ వర్ణమాల పక్కపక్కన రాసి చూపించింది. ఆ పటం ఇప్పుడు తరగతి గోడ మీద ఉంది, టీచరు గారే చార్టు మీద రంగులతో రాయించారు. ఈ పనికి ఓచరు కూడా లేదు.

ఇక్కడ నా సొంత ఊరి సంగతి ఒకటి చెప్పుకోవాలి. కర్ణాటక ప్రభుత్వ బడుల్లో చిన్న తరగతులకు నలి-కలి అనే పద్ధతి ఉంది. ఆడుతూ పాడుతూ నేర్చుకోమని ఆ మాటకు అర్థం. పిల్లలు టీచరు చెప్పే పాఠం కోసం వరసల్లో కూర్చోకుండా, గోడ మీది నిచ్చెన పటంలో తాము ఏ మెట్టు మీద ఉన్నారో చూసుకుని, ఆ మెట్టుకు సరిపడే కార్డు తీసుకుని, గుంపులుగా కూర్చుని పని చేసుకుంటారు. ఈ పద్ధతి 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటెలో మొదలైంది. దానికి విత్తనం మాత్రం మదనపల్లె దగ్గరి ఋషివ్యాలీ విద్యాసంస్థది. అక్కడి పల్లెల్లో ఒకే టీచరు, ఒకే గది, అయిదు తరగతులు ఉన్న చిన్న బడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు తెలుగులో తయారుచేసిన కార్డులను, నిచ్చెనలను హెగ్గడదేవనకోటె ఉపాధ్యాయులు వచ్చి చూసి, యునిసెఫ్ తోడ్పాటుతో తమ భాషకు, తమ పిల్లలకు తగినట్టు మార్చుకున్నారు. ఆ బడుల్లో ఒకటి మా మేనత్త వాళ్ల ఊళ్లో ఉండేది, పక్షి బొమ్మ కార్డు, కుందేలు బొమ్మ కార్డు అంటూ పిల్లలు వాదులాడుకోవడం చిన్నప్పటి నా కజిన్ల నోట విన్నాను. బెంగళూరులో మా పాప చేతిలోని కన్నడ కార్డుకు పుట్టినిల్లు ఆమె పుట్టింటి పొరుగు తాలూకానే అన్నమాట. ఈ విషయం ఆ బడి హెచ్‌ఎం గారికి చెబితే ఆయన నమ్మలేదు, తరువాత శిక్షణ పుస్తకంలో తానే చూసుకుని ఫోను చేశారు.

పద్మనాభరావు, రమ దంపతుల పనిలో నాకు గొప్పగా తోచేది, ఆ కార్డుల మీద వారి ముద్ర కనిపించకపోవడం. ప్రభుత్వం తీసుకుంది, మార్చుకుంది, 2009-10 నాటికి రాష్ట్రమంతటికీ పంచింది. ఈ రోజు నలి-కలి గదిలో కూర్చున్న పిల్లల తల్లిదండ్రుల్లో వేయికి ఒకరికి కూడా వారి పేర్లు తెలియవు. సంస్థను పెంచడం వేరు, పనిని పెంచడం వేరు. లెక్కల పుస్తకాల్లో మొదటిది ఆస్తిగా కనిపిస్తుంది, రెండోది ఎక్కడా కనిపించదు.

ఇదే మాటను శాంతా సిన్హా గారి విషయంలోనూ చెప్పుకోవచ్చు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించిన ఆమె, తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరిట 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ ద్వారా, 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పిల్లలను పనుల నుంచి బడికి మళ్లించే పని మొదలుపెట్టారు. బడికి పోని పిల్లలందరూ బాలకార్మికులే అన్నది వారి సూత్రం. పొలంలో కలుపు తీసే పిల్ల, ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకు తిరిగే పిల్ల కూడా ఆ లెక్కలోకే వస్తారు. పదేళ్ల వయసులో పలక పట్టని పిల్లలను కొన్ని నెలలు బ్రిడ్జి క్యాంపులో ఉంచి, వయసుకు తగిన తరగతిలో నేరుగా ప్రభుత్వ బడిలో చేర్పించేవారు. తమ సొంత బడులు పెట్టుకోలేదు. ప్రభుత్వ బడి బాగుపడకుండా పేద పిల్లలకు గతి లేదని వారి పట్టుదల. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘానికి తొలి అధ్యక్షురాలయ్యారు. వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని విద్యాహక్కు చట్టం 4వ సెక్షను చెబుతున్నప్పుడు, నాకు ఆ రంగారెడ్డి జిల్లా క్యాంపులే గుర్తుకు వస్తాయి.

దీనికి పూర్తిగా వేరైన దారి మన బెంగళూరులోనే ఉంది. శుక్లా బోస్ గారు పెద్ద ఉద్యోగం వదిలి, 2003లో మురికివాడలోని ఒక మిద్దె మీద 165 మంది పిల్లలతో పరిక్రమ బడిని ప్రారంభించారు. ఇంగ్లిషు మీడియం, మంచి భోజనం, వైద్యం, కాలేజీ దాకా వెంట నడిచే తోడు. అంటే ఉన్నవారి పిల్లలకు ఏది దొరుకుతుందో అదే. లక్షలాది పిల్లల లెక్కలు చెప్పడం కంటే ఎదురుగా ఉన్న ముఖాలను చూడాలన్నది ఆమె వాదం. ఆ వాదానికి నేను ఎదురు చెప్పలేను, ఎందుకంటే ఆ బడుల్లో చదివిన పిల్లవాడు మా ఆడిటరు గారి కార్యాలయంలోనే ఆర్టికల్‌షిప్, అంటే సీఏ చదువులో భాగమైన శిక్షణ చేశాడు, మా ఆడిటరు గారి ఇంగ్లిషును దిద్దేవాడు. కాని షెడ్లలో ఉండే పిల్లలకు ఆ దారి పనికిరాదు. ఏడాది తిరగకముందే వాళ్లు హెణ్ణూరు నుంచి సర్జాపురానికో, అక్కడినుంచి దేవనహళ్లికో వెళ్లిపోతారు. ఎక్కడికి పోయినా ఆ చుట్టుపక్కల ఉండేది ప్రభుత్వ బడి ఒక్కటే. ఊళ్లు తిరిగే పిల్లల విషయంలో శాంతా సిన్హా గారి దారే సరైనదని నా అభిప్రాయం, దీనిపై అక్కకూ నాకూ వాదన లేదు.

చదువు ఒక్కటే చూస్తామంటే చదువు కూడా జరగదని నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది. మొదట్లో అక్క కేంద్రానికి వచ్చే ఆడపిల్లల్లో సగం మంది చంకలో ఒక బిడ్డతో వచ్చేవారు. తల్లి ఇటుకలు మోయడానికి పోతే చంటిబిడ్డను చూసేది ఆ పెద్దపిల్లే కదా. ఆ పిల్లను బడికి పంపాలంటే ముందు చంటిబిడ్డకు ఉయ్యాల కావాలి. ఢిల్లీలో 1969లో మీరా మహదేవన్ గారు ఈ సంగతే గమనించి, గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం రాజఘాట్ దగ్గర సాగుతున్న కట్టడాల పక్కనే కూలీల పిల్లలకు ఒక గుడారం వేయించారు. మొబైల్ క్రెషెస్ సంస్థ అక్కడే పుట్టింది. అక్క కూడా ఒక బిల్డరును పట్టుకుని, సిమెంటు బస్తాలు పెట్టుకునే రేకుల గదిని ఖాళీ చేయించి, అయిదు ఉయ్యాలలు కట్టించింది. ఆ నెలలోనే బడికి పోయే ఆడపిల్లలు తొమ్మిది మంది పెరిగారు. ఉయ్యాలల తాళ్లు, దోమల మందు, ఒక ఆయమ్మ జీతం. వీటిని విద్య పద్దులో వేస్తే దాత ఒప్పుకోడు, ఆరోగ్యం పద్దులో వేద్దామంటే ఆ పద్దే లేదు.

శ్రామిక కార్డుల సంగతీ ఇలాంటిదే. 1996 నాటి కట్టడ కార్మికుల చట్టంతో మొదలైన పద్ధతిలో ప్రతి పెద్ద కట్టడం మీదా సెస్సు అనే పన్ను వసూలవుతుంది, దానితో సంక్షేమ మండలి నడుస్తుంది, పిల్లల చదువులకు సాయం కూడా దానిలో ఉంది. అయితే ఆ సాయానికి కావలసిన శ్రామిక కార్డు రావాలంటే ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు రుజువు చూపాలి. మూడు మేస్త్రీల దగ్గర, నాలుగు కట్టడాల మీద పనిచేసిన మనిషికి ఆ రుజువు రాసి సంతకం పెట్టేవాడు ఎవడు? ఆదివారాలు అక్క ఆ సంతకాల కోసమే తిరుగుతుంది. మధ్యాహ్న భోజనం విషయంలో మాత్రం ఈ నగరం కొంత నయం. 2000లో అక్షయపాత్ర ఇక్కడే అయిదు బడుల్లోని 1,500 మంది పిల్లలతో మొదలైంది. ఉల్లి, వెల్లుల్లి లేని ఆ వంట మీద విమర్శలు వచ్చాయి, వాటిలో న్యాయం ఉందని నేను అనుకుంటాను. 2024 నుంచి అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ డబ్బు తోడు కావడంతో కర్ణాటక బడుల్లో వారానికి ఆరు రోజులు గుడ్డు ఇస్తున్నారు. కదిరి పాప బడి మానకపోవడానికి నలి-కలి ఎంత కారణమో గుడ్డు కూడా అంతే కారణమని అక్క అంటుంది.

ఇక డబ్బు మాట. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షను, 2014 ఏప్రిల్ నుంచి, ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలని చెప్పింది. అందులో పరిపాలన ఖర్చులు 5 శాతానికి మించకూడదని నియమాలు ఉన్నాయి. 2021 జనవరిలో సవరించిన నియమాలను చదివితే తెలుస్తుంది, ఆ 5 శాతం పరిమితి కంపెనీ తన కార్యాలయంలో పెట్టుకునే పరిపాలన ఖర్చుకు సంబంధించినది. కార్యక్రమాన్ని రూపొందించడానికి, నడపడానికి, పర్యవేక్షించడానికి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదని అక్కడే రాసి ఉంది. అయినా సంస్థల గుమ్మం దగ్గరకు వచ్చేసరికి ఆ 5 శాతం కొరడాలాగా మారుతుంది. మూడేళ్ల కిందట ఒక కంపెనీ ప్రతినిధి మా బడ్జెటును చూసి, ఇద్దరు టీచర్ల జీతాలూ అక్క జీతమూ కలిపి అరవై శాతం దాటుతున్నాయని, ఇదంతా ‘ఓవర్‌హెడ్’, అంటే పరిపాలన ఖర్చు అని గీత కొట్టాడు. ఆ నియమం తీసి చూపించాను. ఆయన మర్యాదగా విని, జీతాలకు బదులు కంపెనీ పేరు అచ్చు వేసిన 200 బడి సంచులు ఇస్తామన్నాడు. మా దగ్గర అప్పుడు ఉన్నది తొంభై మంది పిల్లలు. మిగిలిన సంచులను పక్కనున్న ప్రభుత్వ బడికి ఇచ్చాము. ఫొటో తీసే రోజున అక్క లేదు, బీఈఓ (బ్లాకు విద్యాధికారి) కార్యాలయంలో ఇద్దరు పిల్లల నమోదు కోసం బెంచీ మీద కూర్చుని ఉంది.

దానికంటే పెద్ద దెబ్బ 2020 సెప్టెంబరులో తగిలింది. విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, విదేశీ నిధులు పొందిన సంస్థ వాటిని మరో సంస్థకు ఇవ్వడాన్ని పూర్తిగా నిషేధించారు. పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. పెద్ద సంస్థల దగ్గర విదేశీ నిధులకు కావలసిన అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకులో ఖాతా ఉంటాయి. మారుమూల షెడ్లలో పనిచేసే చిన్న సంస్థలకు డబ్బు పెద్దవాటి చేతి మీదుగానే వచ్చేది. ఆ కాలువ ఒక్కరోజులో తెగిపోయింది. అప్పటికి బడులు మూతపడి ఆరు నెలలు దాటింది, కర్ణాటకలో 1 నుంచి 5 తరగతులు మళ్లీ తెరుచుకున్నది 2021 అక్టోబరు 25న. ఆ రోజుల్లో అక్క పిల్లలకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటు నుంచి తెలుగు కథలు, కన్నడ కథలు ఉచితంగా తీసి, అచ్చు వేయించి, షెడ్డు షెడ్డుకూ పంచింది. టీచర్లకు నాలుగు నెలలు జీతాలు ఎలా వచ్చాయో నాకు అప్పట్లో తెలియదు. ఆ మార్చిలో పుస్తకాలు చూసినప్పుడు అప్పుల వైపు ఒక కొత్త పేరు కనిపించింది. అక్క పేరే, 62,000 రూపాయలు. నేనేమీ అడగలేదు, ఆమె ఏమీ చెప్పలేదు. ఆ అంకె ఈ ఏటి బ్యాలెన్స్ షీటులోనూ అలాగే ఉంది.

ఇంత రాశాక, సంస్థలు నడిపేవారందరూ ఇలాంటివారే అనుకుంటే పొరపాటు. నా వృత్తిలో నేను చూసిన సొసైటీలలో భర్త కార్యదర్శి, బావమరిది కోశాధికారి, మూడేళ్ల సమావేశాల మినిట్సు ఒకే రాత్రి ఒకే పెన్నుతో రాసినవి తక్కువేమీ లేవు. అక్కలో కూడా లోపం ఉంది, అది నేను ఆమె ముందే చెబుతాను. ఏ హెచ్‌ఎం దగ్గర ఎలా మాట్లాడాలి, ఏ షెడ్డులో ఏ పిల్ల ఎందుకు బడి మానింది, ఏ మేస్త్రీ సంతకం పెడతాడు అనేదంతా ఆమె తలలోనే ఉంటుంది, కాగితం మీద పెట్టదు. నిరుడు ఆషాఢంలో ఆమె డెంగీతో రెండు వారాలు పడుకుంటే, చేరికలన్నీ రెండు వారాలు పడుకున్నాయి. సంస్థ ఆమెను మోయడం మానేసి ఆమె సంస్థను మోస్తోంది, ఇది మంచి లక్షణం కాదు.

అయితే ఈ మధ్య ఒక మార్పు చూస్తున్నాను. మొదటి జట్టులో చంకన తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చిన ఒక పిల్ల, ఇప్పుడు బీకాం పూర్తి చేసి, అక్క దగ్గరే పనిచేస్తోంది. కన్నడం ఆమెకు మాతృభాష కంటే బాగా వచ్చు. అక్క బతిమాలి సాధించే పనిని ఈ అమ్మాయి నవ్వుతూ అడిగి సాధిస్తుంది. షెడ్లలోని తల్లులు అక్కకు దండం పెడతారు, ఈ అమ్మాయితో మాత్రం పోట్లాడతారు. నాకు రెండోదే ఆరోగ్యంగా అనిపిస్తుంది. కోలారు బంగారు గనుల్లో పాకీ పని చేసే తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ గారు, తమ వారి చేతిలోని చీపురు, తట్ట పోవాలని సఫాయి కర్మచారీ ఆందోళన్ అనే సంస్థను కట్టి, 2016లో మెగసెసే అందుకున్నారు. ఆయన మాటకు ఉన్న పదును, ఎంత మంచి మనసున్నా బయటినుంచి వచ్చినవారి మాటకు రాదు. అక్క ఈ సంగతి ఒప్పుకుంటుంది. అందుకేనేమో, ఈ ఏడు ఓచర్ల డబ్బాను నాకు అందించింది ఆ అమ్మాయే. నెలవారీగా రబ్బరు బ్యాండ్లు కూడా వేసి పెట్టింది.

సాయంత్రం అయిదు దాటాక ఆ 740 ఓచరును మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. ప్రయాణ ఖర్చుల పద్దు అప్పటికే దాత పెట్టిన హద్దును తాకి ఉంది. ‘ఇతర ఖర్చులు’ కింద వేస్తే ఎవరూ అడగరు, పదేళ్లుగా ఇలాంటివన్నీ అక్కడే వేస్తూ వచ్చాను.

“అక్కా, ఇది దేని కింద వేయమంటారు?” అని అడిగాను. ఆమె ఫోనులో ఎవరో హెచ్‌ఎంతో మాట్లాడుతూ, ఒక్క నిమిషం అన్నట్టు చేయి చూపించింది. జవాబు ఆ అమ్మాయి చెప్పింది. “నమోదు అని ఒక పద్దు పెడదాం అన్నా, చేరికలకు అయ్యేవన్నీ అందులోకే పోతాయి. దాత అడిగితే ఒక్కొక్క ఓచరుకూ టీసీ నకలు చూపిస్తాను.”

పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన ‘విద్య – నమోదు’ అని రాశాను. ఓచరు వెనక టీసీ జిరాక్సు పిన్ను కొట్టి, మొదటి వరసలో 740 వేశాను. నిరుటి పుస్తకంలోని ‘ఇతర ఖర్చులు’ కూడా తీయమని ఆ అమ్మాయికి చెప్పాను, అందులోనుంచి ఇటు రావలసినవి ఇంకా ముప్పై దాకా ఉంటాయి.